ఏ రంగుకి ఏ బ్రష్? కొనేముందు చేత్తో పట్టి చూడాల్సినవి

"గోడ మీద గీతలు కనబడుతున్నాయి, రంగు మంచిది కాదా?", "తలుపుకి ఎనామెల్ వేస్తే మధ్యలో వెంట్రుకలు అతుక్కుపోయాయి, ఎలా తీయాలి?" సంక్రాంతి ముందు ఇంటికి రంగులు వేసుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. తప్పు రంగుదో పెయింటర్‌దో అనుకుంటారు. రంగు డబ్బా కొనేటప్పుడు నాలుగు కొట్లు తిరిగి, బ్రష్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒక నాలుగించుల బ్రష్ ఇవ్వండి" అనేస్తారు. గీతలు, ఊడిన వెంట్రుకలు, గట్లు కట్టిన అంచులు చాలాసార్లు అక్కణ్ణించే మొదలవుతాయి.

బ్రష్ మంచిదా కాదా అన్నది ధర చూసి తేల్చేది కాదు. వేయబోయే రంగుకి అది సరిపోవాలి, ఆ తర్వాత చేత్తో చేసే పరీక్షలకి నిలబడాలి. ఈ వరస తప్పకండి.

కొట్టుకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి:
- వేయబోయే రంగు డబ్బా ఫోటో (పలచన చేయడానికి ఏం కలపాలో రాసి ఉన్న వైపు)
- చిన్న స్కేలు లేదా టేపు
- తడిపిన తెల్ల గుడ్డ ముక్క
- ఫోన్‌లో టార్చ్

ఇంట్లో సిద్ధంగా ఉండాల్సినవి: పాత దువ్వెన, బట్టల సబ్బు లేదా గిన్నెలు తోమే లిక్విడ్, టర్పెంటైన్, మూతలున్న 3 పాత డబ్బాలు, పాత న్యూస్‌పేపర్లు, ప్రైమర్ కొట్టిన ప్లైవుడ్ ముక్క ఒకటి.

1. ముందు రంగు సంగతి తేల్చుకోండి

డబ్బా వెనక ఒక్క విషయం చూడండి: పలచన చేయడానికి నీళ్లు కలపమంటోందా, టర్పెంటైన్ కలపమంటోందా? గోడలకి వేసే ఎమల్షన్, డిస్టెంపర్ నీళ్ల రంగులు. తలుపులకి, గ్రిల్స్‌కి, గడపకి వేసే మామూలు ఎనామెల్, వార్నిష్ నూనె రంగులు. ఈమధ్య నీళ్లతో కలిపే ఎనామెల్ కూడా వస్తోంది. కాబట్టి "ఎనామెల్" అన్న పేరొక్కటి చూసి బ్రష్ కొనకండి, డబ్బా చదవండి. సున్నం, సిమెంట్ పెయింట్ అయితే అవి మూడో రకం. వాటికి కుంచె వేరు.

2. దాన్నిబట్టి పోచ రకం ఎంచుకోండి

నూనె రంగులకి పంది వెంట్రుకల బ్రష్ మంచిది. ఆ వెంట్రుక మొదట్లో లావుగా ఉండి కొసకి సన్నబడుతుంది. కొస దానంతటదే రెండు మూడు చీలికలై ఉంటుంది. ఆ చీలికలే రంగుని పట్టి ఉంచి, గీత పడకుండా పరుస్తాయి. కానీ ఇదే బ్రష్‌ని ఎమల్షన్‌లో ముంచితే వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బి, బిగువు పోయి, అరగంటలో వేలాడిపోతుంది. సీలింగ్ అంచున గీత తిన్నగా రాకుండా చెదిరిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

నీళ్ల రంగులకి సింథటిక్ పోచలున్న బ్రష్ కావాలి. నైలాన్ మెత్తగా ఉంటుంది, త్వరగా అరగదు, కానీ ఎండలో మెత్తబడుతుంది. పాలియెస్టర్ ఎండకి బిగువు కోల్పోదు. రెండూ కలిపి చేసింది దొరికితే అదే తీసుకోండి, ముఖ్యంగా బయటి గోడలకి. మన ఎండల్లో ఒట్టి నైలాన్ బ్రష్ మధ్యాహ్నానికి చేతికి లొంగదు.

కొన్ని సింథటిక్ బ్రష్‌లు నూనె రంగులకి కూడా పనికొస్తాయి. అట్ట మీద ఆ మాట స్పష్టంగా రాసి ఉంటేనే నమ్మండి.

సున్నానికీ సిమెంట్ పెయింట్‌కీ వెంట్రుకల బ్రష్ అసలు వద్దు. రెంటిలోనూ క్షారం ఎక్కువ, అది వెంట్రుకని తినేస్తుంది. కొసలు ముడుచుకుపోయి పెళుసుబారతాయి. వెల్ల వేయడానికి కిత్తనార, కొబ్బరి పీచు కుంచెలు వాడుతూ రావడం ఊరికే కాదు. నార దొరక్కపోతే నైలాన్ తట్టుకుంటుంది. సున్నం వేసేటప్పుడు కళ్లకి రక్షణ కళ్లద్దాలు (గాగుల్స్) తప్పకుండా పెట్టుకోండి. సీలింగ్ నుంచి ఒక్క చుక్క కంట్లో పడినా చూపుకే ప్రమాదం. పడితే వెంటనే చాలాసేపు నీళ్లు ధారగా పోసి కడిగి, ఆసుపత్రికి వెళ్లండి.

తలుపు మీద గీతలో, చిన్న డిజైన్లో వేయడానికి సన్నటి కుంచె అడిగితే కొందరు "ముంగిస వెంట్రుకలది, చాలా మంచిది" అని చూపిస్తారు. కొనకండి. ముంగిసలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఆ వెంట్రుకల వ్యాపారం నేరం. సన్నటి సింథటిక్ కుంచెలు ఆ పనికి చక్కగా సరిపోతాయి.

3. వెడల్పు, ఆకారం

రెండు బెడ్రూముల ఇంటికి ఈ నాలుగు చాలు:
- గోడలకి 4 అంగుళాల సింథటిక్ ఒకటి (రోలర్ వాడితే ఇది 3 అంగుళాలైనా పర్వాలేదు)
- సీలింగ్ అంచులకి, మూలలకి, స్విచ్ బోర్డుల చుట్టూ 2 అంగుళాల ఏటవాలు సింథటిక్ ఒకటి
- తలుపులకి 2 లేదా 2½ అంగుళాల పంది వెంట్రుకల బ్రష్ ఒకటి
- గ్రిల్స్‌కి, కిటికీ ఊచలకి 1 అంగుళం పంది వెంట్రుకలది ఒకటి

5 అంగుళాలది తీసుకుంటే పని త్వరగా అవుతుందని అనిపిస్తుంది. అలవాటు లేని చేతికి రంగుతో తడిసిన ఆ బరువు మోయడం కష్టం. గంటకే మణికట్టు లాగి, రంగు సమంగా పడదు. రోజూ ఇదే పని చేసే పెయింటర్‌కైతే వేరు.

ఏటవాలు బ్రష్ (పోచల కొస ఒక పక్కకి వాలుగా ఉండేది) మన దగ్గర చిన్న కొట్లలో అంతగా దొరకదు. పెద్ద పెయింట్ షాపులో అడగండి. లేకపోతే పోచల కొస ఉలి అంచులా రెండువైపులా సన్నబడిన 1½ అంగుళాల చదును బ్రష్ తీసుకోవచ్చు.

వార్నిష్ కోసం కొన్న బ్రష్‌ని రంగులో ఎప్పుడూ ముంచకండి. ఎంత కడిగినా మొదట్లో చిక్కుకున్న రంగు రవ్వలు వార్నిష్‌లోకి దిగి చెక్క మీద చుక్కలుగా తేలతాయి.

4. కొట్లో చేత్తో చూడండి

ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా షేర్‌కోట్ బ్రష్‌ల తయారీకి పేరున్న ఊరు. అక్కణ్ణించి నాసిరకం నుంచి మేలురకం దాకా అన్నీ, ఎన్నో పేర్లతో వస్తాయి. కాబట్టి పిడి మీది పేరు చూసి తృప్తిపడకండి. ప్లాస్టిక్ కవరు విప్పి చూడనివ్వమని అడగండి. విప్పనివ్వకపోతే ఇంకో కొట్టుకి వెళ్లండి.

కొసలు. టార్చ్ వెలుగుకి అడ్డంగా పెట్టి పోచల కొసలు చూడండి. మేలు రకంలో కొసలు చీలి, నూగు పట్టినట్టు మసగ్గా కనబడతాయి. నాసిరకంలో కత్తెరతో కోసినట్టు మొండిగా, అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ మొండి కొసలు ఒక్కొక్కటీ గోడ మీద ఒక్కో గీత గీస్తాయి.

పొడవు, మందం. 2 అంగుళాల బ్రష్‌కి, పోచల్ని పిడికి బిగించే రేకు పట్టీ బయట పోచ కనీసం 2 అంగుళాలుండాలి. 1 అంగుళం బ్రష్‌కి ఒకటిన్నర అంగుళం. 4 అంగుళాలదానికి 2¾ నుంచి 3. మందం రేకు దగ్గర కొలవండి: 2 అంగుళాలదానికి అర అంగుళం, 4 అంగుళాలదానికి ముప్పావు అంగుళం ఉంటే రంగు బాగా పడుతుంది. పొట్టి పోచలు వంగవు, రంగుని పరచకుండా గీకుతాయి.

లోపల ఖాళీ. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. బొటనవేళ్లతో పోచల్ని మధ్యకి చీల్చి రేకు లోపలికి చూడండి. చిన్న చెక్క బద్దో ప్లాస్టిక్ బద్దో కనబడుతుంది. అది ఉండటం తప్పు కాదు, రంగు నిలవడానికి ఆ సందు కావాలి. కానీ బద్ద లావుగా ఉండి, రెండువైపులా పోచలు పలచటి పొరలా ఉంటే అది బయటికి మాత్రమే ఒత్తుగా కనబడే బ్రష్. బద్ద మందం మొత్తం మందంలో మూడోవంతు దాటితే పక్కన పెట్టేయండి.

బిగువు. పోచల్ని అరచేతికి నొక్కి వదలండి. వెంటనే మొదటి ఆకారానికి రావాలి. పక్కలకి విచ్చుకుని అలాగే ఉండిపోయినా, అసలు వంగకపోయినా వద్దు.

ఊడటం. పోచల్ని అరచేతి మీద పదిసార్లు గట్టిగా కొట్టి, తర్వాత రెండువేళ్లతో ఒక చిన్న పాయ పట్టి లాగండి. కొత్త బ్రష్ నుంచి నాలుగైదు రాలడం మామూలే, అవి తయారీలో మిగిలిన వదులు పోచలు. పాయ లాగినప్పుడల్లా రెండు మూడు వస్తుంటే లోపలి జిగురు పట్టలేదన్నమాట. అది ఇంటికొచ్చాక మరీ ఎక్కువవుతుంది.

రేకు, పిడి. రేకుని ఒక చేత్తో, పిడిని ఒక చేత్తో పట్టి మెలి తిప్పండి. కదలకూడదు. మేకులు రెండువైపులా దిగి ఉండాలి, రేకు అతుకు దగ్గర సందు ఉండకూడదు. నీళ్ల రంగులకైతే తుప్పు పట్టని స్టీలు రేకు చూసుకోండి. పలచటి పూత రేకు రెండు కడుగుళ్లకే తుప్పుపట్టి, ఆ తుప్పు తెల్లరంగులోకి దిగుతుంది. పిడి చెక్కదైతే మంచిది. కొన్ని రకాల ప్లాస్టిక్ పిడులు థిన్నర్ తగిలితే జిగటగా మారతాయి.

రంగు కారడం. తడి తెల్ల గుడ్డతో పోచల్ని గట్టిగా తుడవండి. నల్లగానో గోధుమరంగుగానో అంటితే అది అద్దకం. తెల్ల ఎమల్షన్‌లో చారలు తేలుతాయి.

5. ఇంటికి తెచ్చాక

పంది వెంట్రుకలని చెప్పి అమ్మింది నిజంగా వెంట్రుకలేనా అని అనుమానమైతే ఒక్క పోచ పీకి అగ్గిపుల్లతో కాల్చండి. వెంట్రుకైతే జుట్టు కాలిన వాసనొచ్చి, నలిపితే పొడి అవుతుంది. సింథటిక్ అయితే కరిగి కొసన గట్టి ముద్ద కడుతుంది. టర్పెంటైన్, థిన్నర్ ఉన్న గదిలో ఈ పని చేయకండి, బయటికెళ్లి చేయండి.

తర్వాత బ్రష్‌ని గోరువెచ్చటి నీళ్లలో సబ్బుతో కడిగి, దువ్వెనతో మొదలు నుంచి కొసకి దువ్వండి. మిగిలిన వదులు పోచలన్నీ ఇక్కడే వచ్చేస్తాయి. పూర్తిగా ఆరనివ్వండి. పంది వెంట్రుకల బ్రష్‌లో తడి మిగిలితే ఎనామెల్‌లో నీటి బుడగలు తేలతాయి, కాబట్టి దాన్ని రంగు వేయడానికి ముందురోజే కడగండి.

రంగులో ముంచే ముందు నీళ్ల రంగుకైతే సింథటిక్ బ్రష్‌ని నీళ్లలో ముంచి విదిలించండి. నూనె రంగుకైతే టర్పెంటైన్‌లో ముంచి గుడ్డతో ఒత్తండి. పొడిగా ముంచితే మొదటి రంగు పోచల మొదట్లోకి ఎక్కి అక్కడే ఎండి గట్టిపడుతుంది.

6. గోడ మీదికి వెళ్లేముందు ముక్క మీద వేసి చూడండి

ప్రైమర్ కొట్టిన ప్లైవుడ్ మీద, లేదా బీరువా చాటున ఉండే లప్పం పెట్టి ప్రైమర్ వేసిన గోడ మీద, అడుగు వెడల్పు అడుగు ఎత్తు వేయండి. పోచల పొడవులో మూడోవంతు మాత్రమే ముంచాలి, ఎక్కువైతే సగం. డబ్బా అంచుకి రాయకుండా లోపలి గోడకి రెండుసార్లు తట్టండి. చివర ఒకే దిక్కుకి, చేయి తేలిగ్గా ఉంచి ఒక్కసారి లాగి వదిలేయండి. మళ్లీ ముట్టుకోకండి.

పది నిమిషాలాగి ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించి, పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి చూడండి. ఎదురుగా నిలబడి చూస్తే ఏ గీతా కనబడదు. పక్క వెలుగులో అన్నీ బయటపడతాయి.

- సన్నటి గీతలు మొత్తం సమంగా ఉన్నాయి: రంగు చిక్కనైంది. డబ్బా చెప్పినంత పలచన చేసి మళ్లీ చూడండి. అప్పుడూ తగ్గకపోతే బ్రష్ కొసలు మొండివి.
- ఒకటి రెండుచోట్ల మాత్రమే లోతైన గీత: ఒక పాయ అతుక్కుపోయింది. దువ్వండి.
- అంచు రెండు పాయలుగా చీలి, మధ్యలో ఖాళీ: లోపలి బద్ద లావు. ఆ బ్రష్ ప్రైమర్‌కి వాడుకోండి.
- ఆ అడుగు జాగాలో ఇంకా పోచలు రాలుతున్నాయి: తిరిగి ఇచ్చేయండి. తీసుకోకపోతే అదీ ప్రైమర్‌కే.

తడిగా ఉండగా పోచ కనబడితే గోరుతో గీకకుండా బ్రష్ కొసనే పోచ మీద నిలువుగా తాకించి ఎత్తండి, అంటుకుని వచ్చేస్తుంది. ఎండిపోయిందా, ఇక లాగకండి. లాగితే చిన్న గాడి పడుతుంది. పూర్తిగా ఆరాక సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్ది, పైన మరో కోటింగ్ వేయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఎనామెల్‌లో టర్పెంటైన్‌కి బదులు కిరోసిన్ కలపడం చాలాచోట్ల చూస్తాం. కిరోసిన్ నిదానంగా ఆరుతుంది, జిడ్డు వదులుతుంది. మెరుపు తగ్గి, తలుపు రోజుల తరబడి చేతికి అంటుతుంది. ఆ బంకకి దుమ్ము పట్టి గరుకుగా తయారైతే బ్రష్‌ని తిడతారు. పెట్రోల్ కలపడమూ, దాంతో కడగడమూ ప్రాణాంతకం.

ఒకే బ్రష్‌ని ఉదయం గోడకి, సాయంత్రం తలుపుకి వాడకండి. నూనె రంగు బ్రష్‌ల పిడికి ఎర్ర దారం చుట్టి ఉంచితే ఇంట్లో ఎవరు తీసినా తేడా తెలుస్తుంది.

సీలింగ్ వేసేటప్పుడు బ్రష్ తలకిందులుగా ఉంటుంది, రంగు రేకులోకి, అక్కణ్ణించి చేతిమీదికి కారుతుంది. రేకు కింద గుడ్డ పేలిక చుట్టండి. గంటకోసారి బ్రష్‌ని ఆపి కడిగి విదిలిస్తే మొదట్లో రంగు గట్టిపడదు.

పెయింటర్‌కి మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్టు ఇస్తే బ్రష్‌లు ఆయనే తెచ్చుకుంటారు. పని మొదలవ్వకముందే "ఒకసారి చూస్తానన్నా" అని మర్యాదగా అడిగి, రేకు దగ్గర పోచల మొదలు నొక్కి చూడండి. పాత రంగు గడ్డకట్టి ఉంటే ఎమల్షన్‌లోకి పాత రంగు రవ్వలు దిగుతాయి. చివరి కోటింగ్‌కి, తలుపులకి బ్రష్‌లు నేనే కొనిస్తానని చెప్పండి. మంచి పనిమంతుడెవరూ కాదనరు.

పని అయ్యాక

ఎమల్షన్ బ్రష్‌ని వెంటనే, పది పదిహేను నిమిషాల్లోపే కడగండి. ముందు మిగిలిన రంగుని న్యూస్‌పేపర్ మీద తుడిచేసి, తర్వాత సబ్బు నీళ్లలో దువ్వెనతో దువ్వుతూ కడగాలి. నీళ్లు తేటగా కనబడ్డా ఆపకండి. పోచల మొదలు, రేకు పక్కన, బొటనవేలితో నొక్కండి. రంగు నీళ్లు వస్తే ఇంకా ఉందన్నమాట. తేటనీళ్లే వచ్చేదాకా కడగండి.

నూనె రంగు బ్రష్‌కి మూడు డబ్బాల పద్ధతి మంచిది. మొదటి డబ్బాలో కొద్దిగా టర్పెంటైన్ పోసి బ్రష్ కడిగి, పేపర్‌కి ఒత్తి, రెండోదాంట్లో, మళ్లీ మూడోదాంట్లో కడగండి. చివర సబ్బు నీళ్లు. డబ్బాలకి మూతలు పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైన తేరిన టర్పెంటైన్ మళ్లీ కడగడానికి పనికొస్తుంది. దాన్ని మోరీలో పోయకండి. టర్పెంటైన్, అవిసె నూనె, ఎనామెల్ తుడిచిన గుడ్డల్ని ముద్దగా మూల పడేయకండి. నూనె గాలితో కలిసి ఎండేటప్పుడు వేడి పుట్టి ముద్ద దానంతటదే అంటుకోవచ్చు. విడివిడిగా బయట పరిచి ఆరేయండి.

మర్నాడు అదే రంగు కొనసాగించాలంటే రాత్రికి కడగక్కర్లేదు. ఎమల్షన్ బ్రష్‌ని పాలిథీన్ కవర్‌లో గాలి దూరకుండా చుట్టి కట్టేయండి. ఎనామెల్ బ్రష్ అయితే పిడి రంధ్రంలో కమ్మి దూర్చి, డబ్బా మీద అడ్డంగా పెట్టి, పోచలు మాత్రం మునిగేలా టర్పెంటైన్‌లో వేలాడదీయండి. పోచలు అడుగుకి తగలకూడదు. కొసల మీద నిలబెట్టిన బ్రష్ రాత్రికి రాత్రే వంకర తిరుగుతుంది, ఆ వంకర మళ్లీ పోదు.

కడిగినదాన్ని దువ్వి, కొసలకి ఆకారం ఇచ్చి, పోచల చుట్టూ పేపర్ వదులుగా చుట్టి, పిడి రంధ్రానికి మేకు తగిలించి వేలాడదీయండి. పంది వెంట్రుకల బ్రష్ పక్కన నాలుగు నాఫ్తలీన్ ఉండలు ఉంచండి, లేకపోతే పురుగులు వెంట్రుకల్ని కొరుకుతాయి.

గట్టిపడిన బ్రష్ బాగవుతుందా అని కూడా అడుగుతుంటారు. ఎమల్షన్‌తో కొసలు మాత్రమే గట్టిపడితే వేడి నీళ్లు, సబ్బులో గంట నానబెట్టి దువ్వి చూడండి. మరిగే నీళ్లు మాత్రం వద్దు, నైలాన్ వంకర తిరుగుతుంది. ఎనామెల్ అయితే కొట్లో అమ్మే పెయింట్ రిమూవర్ పని చేస్తుంది. చేతికి గ్లవ్స్, కిటికీలు తెరిచి ఉంచడం తప్పనిసరి. రేకు దగ్గర, మొదట్లోనే గట్టిపడితే ఇక ప్రయత్నించకండి. దానికి పెట్టే రిమూవర్ ఖర్చుతో కొత్తది వస్తుంది.